భూషణం వేళ్ల కోసం రాసిన పాఠాలు

"నాకు సంగీతం అక్కర్లేదండీ. వేళ్లు కదిలితే చాలు."

వానలో తడిసి గుమ్మంలో నిలబడ్డ యువకుణ్ణి సరళ ఎగాదిగా చూసింది.

"ఇది పియానో నేర్పే ఇల్లండీ. ఆస్పత్రి కాదు."

"ఆస్పత్రి వాళ్లే పంపారండీ!"

అతని పేరు భూషణం. బందరులో ఒక ప్రెస్సులో కంపోజిటర్. గూడూరు నుంచి సైకిలు మీద వస్తూ కాలవగట్టు మీద జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. కట్టు విప్పేసరికి వేళ్లు బిగుసుకుపోయి ఉన్నాయి. సీసపు అక్షరాలు ఏరలేని మనిషికి ప్రెస్సులో పనేముంది? మూడు నెలలు చూస్తానన్నాడు యజమాని. పియానో మంచి కసరత్తన్నాడు డాక్టరు.

ఆ పియానో ఒక మిషన్ దొరసాని ఊరు వదిలి వెళ్తూ సరళ వాళ్లమ్మకి ఇచ్చింది. సరళ ఏ ఇద్దరికీ ఒకే పాఠం చెప్పేది కాదు. చూపు మందగించిన సత్యవతమ్మ గారికి చెవితోనే నేర్పేది. కుదురుగా కూర్చోలేని ప్లీడరు గారి అమ్మాయికి గంతులేసే పాటలు ఎంచేది.

భూషణానికి కాగితం మీద సరిగమలతోనే పాఠం రాసిచ్చింది. మొదటి వారం మూడంటే మూడు మెట్లు.

"ఇంతేనా!" అని నవ్వాడతను. నొక్కగానే కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

సరళ చప్పున కిటికీ వైపు తిరిగి, "వాన తగ్గేట్టు లేదు," అంది, అతను కళ్లు తుడుచుకునేదాకా.

ఉంగరపు వేలు మొండికేస్తే దానికోసమే ఒక చిన్న పాట కట్టింది.

"ఈ వేలు మీ మాట తప్ప ఎవరి మాటా వినదండీ."

"వేలొక్కటేనా?"

భూషణం చెవులు ఎర్రబడ్డాయి.

మూడో నెల చివర అతను ప్రెస్సులో ఒక పేజీ మొత్తం తప్పు లేకుండా కంపోజ్ చేశాడు. ఉద్యోగం నిలబడింది. ఆ వార్త కబురుగానే వచ్చింది గానీ మనిషి రాలేదు. పది రోజులు గడిచాయి. చెయ్యి బాగయ్యాక మాస్టరమ్మతో ఏం పని, అనుకుంది సరళ. ఆ కోపంలో ప్లీడరు గారి అమ్మాయిని రెండుసార్లు కసిరింది కూడా.

పదకొండో రోజు భూషణం వచ్చాడు. చేతిలో ఒక చిన్న పుస్తకం. అతని కోసం ఆమె రాసిన పాఠాలన్నీ అచ్చులో ఉన్నాయి. మొదటి పేజీలో, "నా చేతిని నాకు తిరిగిచ్చిన సరళ గారికి."

"ప్రతి అక్షరం ఈ చేత్తోనే పేర్చానండీ. అందుకే ఆలస్యం."

సరళ ఒక్కో పేజీ తిప్పి చూసింది. తను రాసిన కాగితాలను ఇన్నాళ్లలో ఇంత పదిలంగా ఇంకెవరు దాచారు? "థాంక్స్ నేను చెప్పాలండీ," అంది చివరికి.

"అయితే ఒకటి అడగనా? నన్ను పెళ్లి చేసుకుంటారా?"

"చెయ్యి బాగుచేశాననా?"

"అందుకైతే డాక్టరు గారినే అడిగేవాణ్ణి కదండీ!"

ఆమె పకపకా నవ్వేసింది. తర్వాత తల వంచుకుని, "ఆదివారం చర్చి అయ్యాక మీ అమ్మగార్ని తీసుకురండి. నాన్నగారు ఇంట్లోనే ఉంటారు," అంది.

"అమ్మ వచ్చిందండీ. వీధి చివర రిక్షాలో ఉంది."

"వానలోనా! ముందే చెప్పొద్దూ!"

సరళ గొడుగు అందుకుని పరుగెత్తింది. రిక్షా దిగిన సువార్తమ్మ గొడుగు కిందికి రాలేదు. తడుస్తూనే సరళ రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది.

"నా బిడ్డకి మళ్లీ తిండి పెట్టిన చేతులమ్మా ఇవి," అంది.