ఆఖరి గదిలో ముసలిది

మా మరిది ఆఫీసులో ఆఖరి గదికి మంచి పేరు లేదు. అందులో మూలనున్న సర్వర్‌ని అందరూ ముసలిది అంటారు. దాని జోలికెళ్లినవాళ్లలో ఒకడు ఉద్యోగం మానేశాడట, ఇంకొకడు సెలవు పెట్టి మళ్లీ కనబడలేదట. అంతా పెద్ద చదువులు చదివినవాళ్లే! మరిది చెప్పింది చెప్పినట్టు చెబుతున్నా, నమ్మితే నమ్మండి.

మొన్న రాత్రి ముసలిదాన్ని ఆపి మళ్లీ ఆన్ చేశారు. పార్సెల్ ఎక్కడుందో చెప్పే సర్వీసు, అంటే అందులో నడిచే ప్రోగ్రాం, లేవలేదు.

మేనేజరు మరిది భుజం తట్టాడు. "తెల్లారేసరికి లేపు. లేదంటే నిన్ను పర్మినెంట్ చేసే సంగతి మర్చిపో."

అని ఇంటికెళ్లి పడుకున్నాడు, మహానుభావుడు.

గదిలో మరిది ఒక్కడే. ఫ్యాన్ల హోరు... తెర మీద ఒకటే మాట — పర్మిషన్ డినైడ్.

ఎవరు కాదన్నారు? వెతగ్గా వెతగ్గా దొరికింది. సర్వీసు తన రోజువారీ సంగతులు రాసుకునే లాగ్ ఫైలు, రూట్ పేరు మీదుంది. రూట్ అంటే ఆ మెషీన్‌కి సర్వాధికారి. వాడి ఫైల్లో సర్వీసు ఒక్క అక్షరం రాయడానికి వీల్లేదు.

ఇంతేనా అనుకుని ఫైలు చెరిపేశాడు. సర్వీసు లేస్తే తన పేరు మీదే కొత్తది పుట్టించుకుంటుంది. ఎందుకైనా మంచిదని ముందు ఆ ప్రోగ్రాంని తనే కమాండ్ కొట్టి, తన చేత్తో నడిపి చూశాడు. చక్కగా నడిచింది. ఆపేసి, సర్వీసుని లేపాడు.

పర్మిషన్ డినైడ్.

చూస్తే... చెరిపేసిన ఫైలు మళ్లీ అక్కడే ఉంది. రూట్ పేరు మీదే.

మళ్లీ చెరిపాడు. చేత్తో నడిపాడు — నడిచింది. సర్వీసుని లేపాడు — చచ్చింది. ఫైలు మళ్లీ వచ్చింది.

"వదినా, దెయ్యమే అనుకున్నానంటే నమ్ము" అన్నాడు నాతో. పాపం, పిల్లాడికి నిజంగానే భయమేసింది.

అయినా ఆ ఫైలు పుట్టిన టైము చూశాడు. ఇందాకే పుట్టింది. సరిగ్గా తను చేత్తో నడిపిన నిమిషంలో. ఆ నిమిషంలో ఈ కుర్చీలో రూట్‌గా లాగిన్ అయి కూర్చున్నదెవరు?

తనే.

రూట్‌గా నడిపితే పుట్టే ఫైలు రూట్‌దే అవుతుంది మరి. రాత్రంతా ఈయనగారే దెయ్యం, ఈయనగారే భూతవైద్యుడు! ఫైలు చెరిపి, ఈసారి చెయ్యి పెట్టకుండా నేరుగా సర్వీసుని లేపాడు. బుద్ధిగా లేచింది.

తెల్లారి మేనేజరొచ్చాడు. మరిది జరిగిందంతా విడమరిచి చెప్పాడు. ఆయన తలూపుతూనే కుర్చీలో కూర్చుని, సర్వీసుని ఆపి, లాగ్ చెరిపేశాడు.

"సార్... వద్దు సార్."

"ఉండవయ్యా. ఎందుకైనా మంచిది, ఒక్కసారి నా చేత్తో నడిపి చూస్తా."

నడిచింది. ఆపి, సర్వీసుని లేపాడు.

పర్మిషన్ డినైడ్.

మేనేజరు కుర్చీ వెనక్కి నెట్టాడు. మెల్లగా లేచి, తలుపు దాకా వెనక్కి నడిచి, గొంతు తగ్గించి అన్నాడట —

"దీని సంగతి తెలిసినవాడివి నువ్వొక్కడివే. నిన్ను పర్మినెంట్ చేస్తున్నా... ఈ గదిలోనే."