పెద్దది చేస్తున్న ఏర్పాట్లు

ఆ ఉదయం బుడ్డోడు తన చొక్కా గుండీలు తనే పెట్టుకున్నాడు. పై గుండీ కింది కాజాలోకి పోయి, చొక్కా ఒక పక్క పైకెక్కి ఇంకో పక్క వేలాడుతోంది. అయినా వాడి మొహంలో ఎక్కడో గెలిచొచ్చినంత గర్వం.

"ఇలా రారా, సరిచేస్తాను," అని కాజాలమ్మ చెయ్యి చాచింది.

వాడు వెనక్కి జరిగాడు. "వద్దు. నాకొచ్చు. నిన్నడగొద్దంది అక్క."

చొక్కాలకు కాజాలు కుట్టి గుండీలు వేయడం ఆమె పని. దర్జీ కొట్టు నుంచి కట్టలు కట్టలుగా ఇంటికి తెచ్చుకుంటుంది. అందుకే వీధి వీధంతా ఆమెను కాజాలమ్మ అంటారు. ఎవరెవరి గుండీలో ఆమె చేతి మీదుగా పోతాయి గానీ, ఇంట్లో నాలుగేళ్ళ పిల్లాడి గుండీలు మాత్రం ఇప్పుడు ఆమెకు అందకుండా పోయాయి.

వాడు ఆమె కన్న బిడ్డ కాదు. కన్నతల్లి వాణ్ణి కంటూనే కన్నుమూసింది. కాజాలమ్మ ఈ ఇంట్లో కాలు పెట్టేనాటికి వాడింకా బోర్లా పడుతున్నాడు. వాడికి మాట వచ్చాక మొదట అన్న "అమ్మా" ఆమెనే. అక్కకు మాత్రం అప్పటికే ఊహ తెలుసు. ఇంట్లో అందరూ పెద్దది అని పిలిచే ఆ పిల్ల ఆమెను పిన్ని అంటుంది. చెప్పిన పని చేస్తుంది, ఎదురు చెప్పదు. కానీ తనంతట తను వచ్చి ఒళ్ళో కూచున్న రోజు ఒక్కటీ లేదు.

ఇప్పుడు కాజాలమ్మకు నెలలు నిండాయి. తొలిచూలు. ఆమెకు పొట్ట పెరుగుతున్న కొద్దీ బుడ్డోడు దూరమవుతూ వచ్చాడు. వాడికి ఆమె చెవి తమ్మె పట్టుకుంటే గానీ నిద్ర పట్టేది కాదు. నలిపి నలిపి ఎర్రగా చేసేవాడు. పెద్దది ఒకరోజు వాడి దిండు తీసుకెళ్ళి తన పక్కన వేసుకుంది. ఆ రోజు నుంచి వాడు అక్క చెవి పట్టుకుని పడుకుంటున్నాడు. చెవి నొప్పి తగ్గింది కదా అని ఊరుకోలేకపోయింది కాజాలమ్మ. ఆ చోటంతా బోసిపోయినట్టుంది.

"పదకొండేళ్ళకే ఎంత ఆరిందా అయిందో చూశావా?" అంది అత్తగారు బియ్యం చెరుగుతూ. "అన్నం వార్చడం నేర్పమంది, నేర్పాను. పొయ్యి తనే వెలిగిస్తోంది. నీ పని తేలికవుతుంటే ఆ మొహమేంటే తల్లీ, ఆముదం తాగినట్టు?"

"అన్నం సంగతి కాదు అత్తయ్యా. పిల్లాడు నన్ను పరాయిదానిలా చూస్తున్నాడు."

"నీ భ్రమ! కడుపుతో ఉన్నప్పుడు అన్నీ అలాగే అనిపిస్తాయి."

అప్పుడే భర్త రొట్టెల బట్టీ నుంచి వచ్చాడు. రాత్రంతా బట్టీ ముందు నిలబడతాడేమో, కనుబొమల మీద పిండి, కళ్ళల్లో నిప్పుల ఎరుపు. ఆమె అదే మాట అతనితోనూ అంది.

"రేపు చంటిబిడ్డ వస్తే నీకు చెయ్యి ఖాళీ ఉండదని చేస్తోందిలే. సంతోషించక ఏడుస్తావేం?"

"వాడు నా దగ్గరికి రావడమే మానేశాడండీ."

"నా దగ్గరికి మాత్రం వస్తున్నాడా? నా చేతిలో రొట్టె దగ్గరికి వస్తాడు. నువ్వూ ఒకటి పట్టుకుని కూచో!" అని నవ్వి, చాప పరుచుకుని గోడ వైపు తిరిగాడు.

ఆమె కుట్టిన చొక్కాలు మూట కట్టుకుని దర్జీ కొట్టుకు నడిచింది. నాలుగడుగులకు ఒకసారి ఆగి నడుం పట్టుకోవాల్సి వచ్చింది. దర్జీ ముసలాయన కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి చూశాడు.

"ఏం కాజాలమ్మా, ఇదే ఆఖరి మూటా? ఇక నా చొక్కాలకి పిన్నీసులే గతి!"

"ఎంతలో వస్తాను బాబాయ్! బిడ్డని పక్కలో వేసుకుని కుట్టనూ?"

అనేసింది గానీ, ఆ మాట తన చెవినే పడేసరికి పిల్లల కన్నతల్లి గుర్తొచ్చింది. ఆ పోయినావిడ కూడా ఎవరితోనో ఒకరితో ఇలాగే అని ఉంటుంది. కొన్నాళ్ళుగా ఆమెకు ఆ ఆలోచన పని మధ్యలో, తిండి మధ్యలో వచ్చి కూచుంటోంది. ఎవరితో చెప్పుకుంటుంది? చెబితే అపశకునం అంటారు.

ఇంటికొచ్చేసరికి ఎండ నడినెత్తి మీదుంది. అత్తగారు పెరట్లో బట్టలు ఉతుకుతోంది. కిటికీ దగ్గర పిల్లల మాటలు వినిపించి, ఆయాసం తీర్చుకుందామని కాజాలమ్మ అక్కడే ఆగింది.

"పిన్ని లేదనుకో. ఆకలేస్తే ఎవరినడుగుతావు?"

"నిన్ను."

"పడి దెబ్బ తగిలితే?"

"నిన్నే."

"అమ్మా అని ఏడుస్తావా?"

"ఏడవను."

"ఏడిస్తే ఏమవుతుంది?"

"ఎవరూ రారు," అన్నాడు బుడ్డోడు, ఎక్కాలు అప్పజెప్పినట్టు.

గడప ఎలా దాటిందో కాజాలమ్మకే తెలియదు. పెద్దది ఒళ్ళో పాత చీర ఉండచుట్టి ఉంది. పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఒక చేత్తో దాని తల దగ్గర ఆనించి పట్టుకుంది.

"ఎవరు నేర్పమన్నారే ఇవన్నీ వాడికి? నేను లేననుకోవాలా? నేను చచ్చాననా?"

పెద్దది తలెత్తి చూసింది. ఒక్క మాట లేదు. ఆ మౌనానికే కాజాలమ్మకు ఒళ్ళు మండింది. చెయ్యి విసురుగా లేచి ఆ పిల్ల చెంప మీద పడింది. ఈ ఇంటికొచ్చాక ఆమె పిల్లల మీద చెయ్యి చేసుకోవడం అదే మొదలు.

పెద్దది ఏడవలేదు. కాజాలమ్మ గుండె కోసింది అది కాదు. బుడ్డోడు కూడా ఏడవలేదు. పెదవులు వణికాయి, కళ్ళు నిండాయి, ఒకసారి అక్క వైపు చూశాడు. రెండు చేతులతో నోరు గట్టిగా మూసుకున్నాడు.

కాజాలమ్మ కూలబడిపోయింది. చప్పుడుకి అత్తగారు తడి చేతులతో పరుగెత్తుకొచ్చింది. భర్త నిద్రలోంచి లేచి గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు.

"అడగండి దీన్ని!" అంది కాజాలమ్మ. "నేను కనలేదన్న మాటే గానీ వీణ్ణి పెంచింది నేను కాదూ? నాకో బిడ్డ పుడుతోందని వీణ్ణి నా దగ్గర్నుంచి లాగేసుకుంటోంది. ఇంత పగ ఎందుకే నామీద? నీకేం తక్కువ చేశాను?"

"నేను లాక్కోవట్లేదు," అంది పెద్దది మెల్లగా. "నువ్వు వెళ్ళిపోతావుగా."

"ఎక్కడికే?"

"ఆసుపత్రికి."

"వెళ్తే? బిడ్డనెత్తుకుని తిరిగి రానూ?"

"అమ్మ కూడా అదే చెప్పింది."

అత్తగారు "రామరామ, ఏం మాటలే అవి" అని చెయ్యి అడ్డం పెట్టబోయింది. పెద్దది ఆగలేదు. ఇన్నేళ్ళూ దాచుకున్నది ఒక్కసారిగా కట్ట తెంచుకుంది.

"నాన్న వచ్చి అమ్మ నిద్రపోతోంది, లేచాక వస్తుందన్నాడు. నానమ్మ కూడా అలాగే అంది. నేను రోజూ అమ్మకి కంచం పెట్టేదాన్ని. ఎవరూ వద్దనలేదు. బళ్ళో ఒకమ్మాయి అంది, మీ అమ్మ చచ్చిపోయిందటగా అని. అలా తెలిసింది నాకు. వీడేమో పాలు తాగక ఒకటే ఏడుపు. ఎలా ఎత్తుకోవాలో నాకు తెలీదు. చెవులు మూసుకుని మంచం కిందికి పోయాను. ఈసారి ఇద్దరుంటారు. నాకన్నీ వచ్చి ఉండాలి కదా. వీడికి ముందే అలవాటైతే అంత నొప్పి ఉండదు కదా పిన్నీ."

భర్త గుమ్మం పట్టుకుని అలాగే కిందికి జారి కూచున్నాడు. "దానికప్పుడు ఏడేళ్ళు," అన్నాడు నేల చూస్తూ. "ఏం చెప్పాలో నాకు తోచలేదు. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకున్నాను. రేపు రాలేదు."

"ఏం కాదే తల్లీ," అని అత్తగారు కొంగు నోట్లో కుక్కుకుంది. "పిన్నికేం కాదు. చెప్పవే అమ్మాయ్, నీకేం కాదని చెప్పు దానికి."

కాజాలమ్మ నోరు తెరిచింది. ఆ మాట నాలుక చివర దాకా వచ్చింది. ఎర్రగా కందిన ఆ చెంప చూస్తూ ఆ మాట అనలేకపోయింది. ఆ మాటే కదా ఈ పిల్లను ఇలా చేసింది. ఆమె పాకుతున్నట్టుగా వెళ్ళి పెద్దదాని ఎదురుగా కూచుంది.

"వస్తాననే అనుకుంటున్నానే. రావాలనే ఉంది. కానీ తప్పకుండా వస్తానని నీకు ఒట్టు వెయ్యలేను. నాకూ భయంగానే ఉంది."

"అయ్యో, అవేం మాటలు!" అంది అత్తగారు.

"ఉండండి అత్తయ్యా. దీనికి ఇప్పటిదాకా నిజం చెప్పినవాళ్ళు లేరు." ఆమె పెద్దదాని చెయ్యి పట్టుకుంది. "నువ్వు నాతో వస్తావు. కాన్పు గది బయటే కూచుంటావు. మంచైనా చెడైనా ముందు నీకు చెప్పాకే ఇంకెవరికైనా. నిద్రపోతోందని నీతో ఎవరూ అనరు. ఏవండీ, వింటున్నారా?"

"వింటున్నాను."

"వింటే చాలదు. దానికి చెప్పండి."

చెట్టంత మనిషి కూతురి ముందుకొచ్చి గొంతుక్కూచున్నాడు. "నీకే ముందు చెబుతానమ్మా. ఏదైనా సరే," అన్నాడు. పెద్దది తలూపింది. అప్పటికీ ఏడవలేదు. చెంప నిమిరిన పిన్ని చేతిని మాత్రం తోసేయలేదు. బుడ్డోడు ఇంకా నోరు మూసుకునే ఉన్నాడు. కాజాలమ్మ వాడి చేతులు ఒక్కొక్కటే తీసి, "ఏడువు నాన్నా. నేనుండగా ఏడువు," అంది. వాడు గొల్లుమన్నాడు.

నొప్పులు ఒక వానపూట మొదలయ్యాయి. ఆసుపత్రి వరండాలో నర్సు అడ్డుపడింది. "పిల్లలు ఇక్కడుండకూడదు. ఇంటికి పంపేయండి." ఎవరితోనూ గొంతు పెంచని రొట్టెల మనిషి ఆ పూట కదల్లేదు. "ఈ పిల్ల ఉండాలమ్మా. మాటిచ్చాం," అన్నాడు. అదే మాట ఎన్నిసార్లు అన్నాడో! విసిగి నర్సే బల్ల చూపించింది.

కాజాలమ్మను చక్రాల మంచం మీద తోసుకుపోతుంటే పెద్దది పక్కన నడిచింది. తొందరగా రమ్మని అడగలేదు. "నేనిక్కడే ఉంటా పిన్నీ," అంది. తలుపు మూసుకుంది.

ఆ తర్వాత చాలాసేపు కాజాలమ్మకు ఒక్క నొప్పి తప్ప లోకం లేదు. మధ్యలో ఎవరో కంగారుగా కేకలేశారు, ఎవరో పరుగెత్తారు. చుట్టూ చీకటి కమ్మింది, మళ్ళీ వీడింది. ఎక్కడో సన్నగా పసికూన ఏడుపు. కళ్ళు తెరిస్తే నర్సు చెమట తుడుచుకుంటూ మీదికి వంగి ఉంది.

"గండం గడిచిందమ్మా. చాలా భయపెట్టావు. ఆడపిల్ల. బయట మీవాళ్ళకి చెప్పి వస్తాను."

కాజాలమ్మ ఆమె చేతిని పట్టుకుంది.

"బల్ల మీద నా పెద్దకూతురుంటుంది. ముందు దానికి చెప్పండి."

"సరే, చెల్లెలు పుట్టిందని చెబుతాను."

"అది తర్వాత," అంది కాజాలమ్మ. "ముందు నేనున్నానని చెప్పండి."

నర్సు వెళ్ళింది. తలుపు అవతల నుంచి ఒక ఏడుపు వినపడింది. పసిదాని ఏడుపు కాదు. పదకొండేళ్ళ పిల్ల వరండా అదిరిపోయేలా, ఎవరు వింటున్నారో చూసుకోకుండా, వెక్కి వెక్కి ఏడుస్తోంది. ఎవరో ఊరుకోబెట్టబోతున్నారు.

"ఏడవనివ్వండి," అంది కాజాలమ్మ, లోపల్నుంచి, ఉన్న కాస్త శక్తీ కూడదీసుకుని.