గేటు పుస్తకంలో పేరు

పొద్దున్నే పెనం మీద మొదటి పెసరట్టు వేస్తుండగా సుబ్బలక్ష్మికి హాల్లోంచి పేపరు విసిరికొట్టిన చప్పుడు వినిపించింది. నల్లగండ్లలో ఆ ఫ్లాటులోకి వచ్చిన తొమ్మిదేళ్ళలో ఆమె భర్త రామ్మోహనరావు గొంతు పెంచిన సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మందుల ఫ్యాక్టరీల్లో సేఫ్టీ ఆఫీసరుగా పనిచేసి రిటైరైన మనిషి. కోపమొచ్చినా లోపలే దాచుకునే రకం.

"కిరణ్! ఇటు రా ఒకసారి."

ఆఫీసుకి తయారై, జుట్టుకి క్లిప్పు పెట్టుకుంటూ వచ్చింది కూతురు కిరణ్మయి. పేపరు లోపలి పేజీలో ఫోటో. హైటెక్ సిటీలో ఒక అద్దాల మేడ ఎదురుగా, ఫుట్‌పాత్ మీద వరసగా కూర్చున్న జనం. వాళ్ళ మధ్య అట్టముక్క పట్టుకుని కిరణ్మయి. 'మావాళ్ళు ఏరీ?' అని ఉంది దాని మీద.

ఊరవతల మందుల ఫ్యాక్టరీలో రియాక్టరు పేలి పన్నెండు రోజులైంది. దొరికిన శవాలను అప్పగించారు. దొరకని తొమ్మిది మంది మాత్రం అసలు ఆ రోజు పనిలోకే రాలేదని కంపెనీ అంటోంది. తొమ్మిది మందీ కాంట్రాక్టు కూలీలే. వాళ్ళ తాలూకువాళ్ళు ఎక్కడెక్కడి నుంచో వచ్చి కంపెనీ హెడ్డాఫీసు ముందు కూర్చున్నారు. సాయంత్రాలు చుట్టుపక్కల సాఫ్ట్‌వేరు ఉద్యోగులు కొందరు వెళ్ళి వాళ్ళ పక్కన కూర్చుంటున్నారు. నినాదాలు లేవు, తోపులాటలు లేవు. ఊరికే కూర్చోవడమే.

"ఎన్నాళ్ళ నుంచి సాగుతోందిది?"

"ఐదు రోజులు."

"మరి మీటింగులున్నాయని చెప్పావే మీ అమ్మకి?"

"నిజం చెబితే వెళ్ళనిచ్చేవారా నాన్నా?"

"మధుకర్ ఫోన్ చేశాడు. నా చేతికింద పని నేర్చుకున్నవాడు, ఇవాళ ఆ కంపెనీలో సేఫ్టీ హెడ్డు. 'మీ అమ్మాయికి జర చెప్పండి సార్' అంటుంటే నా తల ఎక్కడ పెట్టుకోవాలి?"

"తొమ్మిది మంది ఏమయ్యారో చెప్పలేనివాడు ఆయన తల ఎక్కడ పెట్టుకుంటున్నాడో అడక్కపోయారా?"

"నోర్ముయ్! నీకేం తెలుసే ఫ్యాక్టరీల సంగతి? ఎంత చెప్పినా వినరు వాళ్ళు. మాస్కు ఇస్తే మెళ్ళో వేలాడేసుకుంటారు. కోరి తెచ్చుకుని, తర్వాత..."

"ఆ మాట అనకండి."

తండ్రీ కూతుళ్ళిద్దరూ తిరిగి చూశారు. వంటింటి గుమ్మంలో సుబ్బలక్ష్మి నిలబడి ఉంది. లోపల అట్టు మాడుతున్న వాసన వస్తున్నా ఆమె కదల్లేదు.

"ఆ మాస్కు మాట మాత్రం మీ నోటితో అనకండి. దాన్ని రాసిన చెయ్యి నాది."

"సుబ్బూ, ఇప్పుడవన్నీ ఎందుకు?"

"ఇప్పుడు కాకపోతే ఎప్పుడండీ? అది కూడా వినాలి." ఆమె కూతురి వైపు తిరిగింది. "నువ్వు నా కడుపులో ఉన్నావు. అప్పుడు జీడిమెట్లలో ఉండేవాళ్ళం. మీ నాన్నగారి ఫ్యాక్టరీలో ఎల్లేశం అని ఒకతను ట్యాంకు కడగడానికి దిగి, గ్యాసు పట్టేసి, అందులోనే పోయాడు. వాళ్ళకి మాస్కులే ఇవ్వలేదు. మాస్కు ఇచ్చినా పెట్టుకోలేదని కాగితం కావాలన్నారు పైవాళ్ళు. నా అక్షరాలు ముత్యాల్లా ఉంటాయని మీ నాన్నగారు నాచేత రాయించారు. అతని భార్య చదువురానిది. దాని మీద వేలిముద్ర వేసి వెళ్ళిపోయింది."

రామ్మోహనరావు కుర్చీలో కూలబడ్డాడు. "నేను ఉద్యోగంలో చేరి రెండేళ్ళు కాలేదు. రాయకపోతే నన్నే బాధ్యుణ్ణి చేసేవాళ్ళు."

"మీకు తెలియనిది ఇంకొకటుంది. నెల తర్వాత ఆవిడ మనింటికొచ్చింది. 'అమ్మా, గా కాయితంల ఏం రాసిన్రో జర సదివి చెప్పవా? అందరూ నా పెనిమిటిదే తప్పంటున్రు' అని అడిగింది. నాకు తెలియదమ్మా అని చెప్పి తలుపు వేసేశాను. తలుపు అవతల ఆవిడ చాలాసేపు నిలబడే ఉంది. నేను ఇవతల నిలబడే ఉన్నాను."

కిరణ్మయి తల్లి ముఖంలోకి చూసింది. "నువ్వా అమ్మా?" అని మాత్రం అంది. ఫలహారం ముట్టకుండా బ్యాగు తీసుకుని వెళ్ళిపోయింది. ఆ రెండు మాటలూ సుబ్బలక్ష్మికి చెంపదెబ్బ కన్నా ఎక్కువ తగిలాయి.

మధ్యాహ్నం ఆమె స్టవ్ కట్టేసి, చీర మార్చుకుని, ఎవరితోనూ చెప్పకుండా ఆటో ఎక్కింది. అద్దాల మేడ ఎదురుగా దిగేసరికి ఎండ మాడ్చేస్తోంది. మెడలో ఐడీ కార్డులు వేలాడేసుకున్న పిల్లలు కాఫీ కప్పులు పట్టుకుని దాటిపోతున్నారు. ఫుట్‌పాత్ మీద పరిచిన ఫ్లెక్సీ చివర ఒక ముసలావిడ ఒక్కతే ముడుచుకుని కూర్చుని ఉంది. సుబ్బలక్ష్మి వెళ్ళి ఆవిడ పక్కన కూర్చుంది. ఆవిడ కాస్త జరిగి, తన కొంగు నీడలో చోటిచ్చింది.

"మీవోళ్ళు కూడా లోన ఉన్నారేటమ్మా?" అని అడిగింది.

సుబ్బలక్ష్మికి ముప్పై ఏళ్ళుగా రాని ఏడుపు ఒక్కసారిగా తన్నుకొచ్చింది. ముసలావిడ ఇంకేం అడక్కుండా ఆమె వీపు నిమరసాగింది. తను ఓదార్చడానికి వచ్చిన మనిషే తనను ఓదారుస్తుంటే సుబ్బలక్ష్మి సిగ్గుతో మరింత కుంగిపోయింది.

ఆవిడ పేరు పైడమ్మ. పలాస దగ్గర పల్లెటూరు. కొడుకు సంతోష్ పనిలో చేరి రెండు నెలలే అయింది. "నా గుంటడు లోనికెళ్ళనే లేదని సెప్తన్నారమ్మా. అలాగైతే మంచిదే కదా. ఎక్కడికో పారిపోనాడేమో. కోపమొస్తే ఫోను ఆపీసుకుంటాడు ఆడు," అంది ఆశగా.

సాయంత్రం వచ్చిన కిరణ్మయి తల్లిని అక్కడ చూసి ఆగిపోయింది. తర్వాత వచ్చి మంచినీళ్ళ సీసా అందించి, కొంచెం ఎడంగా కూర్చుంది.

మూడు రోజులు అలాగే గడిచాయి. రామ్మోహనరావు ఆమె పెట్టింది తిని, పొద్దున్నే ఎక్కడికో వెళ్ళి, పొద్దుపోయాక వచ్చేవాడు. సుబ్బలక్ష్మి అడగలేదు. నాలుగో రోజు మధ్యాహ్నం ఆయన రోడ్డు అవతల కనిపించాడు. సిగ్నల్ రెండుసార్లు పడినా దాటలేదు. మూడోసారి దాటి వచ్చాడు. చొక్కా చెమటకి తడిసి ఒంటికి అంటుకుపోయింది.

"జీడిమెట్లంతా తిరిగాను సుబ్బూ," అన్నాడు మెల్లగా. "ఎల్లేశం భార్య నాలుగేళ్ళ కిందటే పోయిందట. పిల్లలెక్కడున్నారో ఎవరికీ తెలియదు. ఇంక ఎవరికి చెప్పుకోను?"

ఆమె కాస్త జరిగి తన పక్కన చోటు చూపించింది.

అంతలోనే ఆర్డీవో జీపు వచ్చి ఆగింది. మేడలోంచి మధుకర్ ఒక లిస్టు పట్టుకుని దిగి వచ్చాడు. "ఈ తొమ్మిది పేర్లూ మా రిజిస్టర్లో లేవండీ," అని ఆర్డీవోకి చూపిస్తున్నాడు.

"కంపెనీ రిజిస్టర్లో ఉండవు సార్," అన్నాడు రామ్మోహనరావు. అందరూ అటు తిరిగారు. "కాంట్రాక్టు కూలీల పేర్లు గేటు దగ్గర వేరే పుస్తకంలో రాస్తారు. లోపలికెళ్ళిన టైము, బయటికొచ్చిన టైము. గేటు ప్లాంటుకి దూరంగా ఉంటుంది కాబట్టి అది కాలిపోయి ఉండదు. ఆ రోజు పుస్తకం తెప్పించండి."

మధుకర్ చేతిలోని లిస్టు కిందికి దించాడు. "సార్, మీరు... మీరే ఇట్లంటే ఎట్ల?"

"నీకు ఈ పని నేర్పింది నేనే మధుకర్. దాచిపెట్టడం కూడా నన్ను చూసే నేర్చుకుని ఉంటావు. ఇప్పుడు చెప్పడం కూడా నేర్చుకో."

మూడు గంటల్లో పోలీసులు పుస్తకం పట్టుకొచ్చారు. ఆర్డీవో ఒక్కొక్క పేరే చదివాడు. తొమ్మిదీ ఉన్నాయి. సంతోష్ లోపలికి వెళ్ళింది ఒంటిగంటా యాభైకి. పేలుడు జరిగింది రెండుంబావుకి. బయటికొచ్చిన టైము రాయాల్సిన గడి ఖాళీగా ఉంది.

పైడమ్మకి వెంటనే అర్థం కాలేదు. "ఉందా బాబూ నా కొడుకు పేరు?" అని రామ్మోహనరావును అడిగింది.

ఆయన ఆవిడ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "ఉందమ్మా. లోపలికి వెళ్ళాడు. బయటికి రాలేదు."

కొడుకు ఎక్కడో కోపంతో తిరుగుతున్నాడన్న ఆశ ఆ రెండు మాటలతో ఆరిపోయింది. ఆవిడ పెట్టిన కేకకి మెట్రో వైపు నడుస్తున్నవాళ్ళు కూడా ఆగిపోయారు. రామ్మోహనరావు అక్కడినుంచి లేవలేదు, తల తిప్పుకోలేదు.

చాలాసేపటికి పైడమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది. "సెప్పినావు బాబూ. పదారు దినాలై అడుగుతున్నా, ఒక్కలు సెప్పనేదు. నువ్వు సెప్పినావు."

ఆ మాటకి ఆయన ఇక ఆగలేకపోయాడు. "నేను మంచివాణ్ణి కాదమ్మా," అంటూ చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. ఎందుకేడుస్తున్నాడో అక్కడ సుబ్బలక్ష్మికీ, అప్పుడే ఆఫీసు నుంచి వచ్చి వెనక నిలబడ్డ కూతురికీ మాత్రమే తెలుసు. సుబ్బలక్ష్మి ఒక చేత్తో పైడమ్మను, ఇంకో చేత్తో భర్తను పొదివి పట్టుకుంది.

వెనకనుంచి కిరణ్మయి వచ్చింది. నాలుగు రోజులుగా మాట్లాడని పిల్ల తల్లి భుజానికి ముఖం ఆనించి, తండ్రి వీపు మీద చెయ్యి వేసింది.

"నాన్నా," అంది. "లేవద్దు. ఇక్కడే కూర్చుందాం. ఆవిడ కొడుకుని ఆవిడ చేతికిచ్చేదాకా ఇక్కడే కూర్చుందాం."