అద్దెకిచ్చిన ఆకాశం

మార్చి పదకొండు. ఆ ఉదయం అతను రెండు ఉడికించిన గుడ్లు, ఒక పక్క మాడిన రొట్టె తిన్నాడు. మూడో గుడ్డు ఒలుస్తుంటే ఫోన్ మోగింది. బావ పోయాడు. హేంగర్‌లో ఇనుప మెట్ల మీంచి కాలు జారి పడ్డాడట. పద్దెనిమిదేళ్ళు సైనిక గస్తీ విమానం కిటికీ దగ్గర కూర్చుని, మన చేపల్ని దోచుకుపోయే విదేశీ ట్రాలర్లను లెక్కపెట్టిన అబ్జర్వర్. ఊగే విమానంలో టీ ఒలకనివ్వని మనిషి, నేల మీద కాలు జారాడట!

అతను హేంగర్‌కి వెళ్ళేసరికి శవం మీద ఎవరో మెకానిక్ తన ఉతికిన కోటు కప్పి ఉంచాడు. ఆ దయ ఒక్కటే అక్కడ మిగిలింది. బావ జేబులో ఎప్పుడూ ఉండే లాగ్‌బుక్ లేదు.

నిఘా డిపార్ట్‌మెంట్‌లో అతన్ని నత్త అంటారు. ఇరవై ఏళ్ళ సర్వీసులో అతను పరుగెత్తడం ఎవరూ చూడలేదు. ఆ మధ్యాహ్నం మాత్రం చీఫ్ గదికి మెట్లు రెండేసి చొప్పున ఎక్కాడు.

"కూర్చో," అన్నాడు చీఫ్.

"నిలబడే వింటాను సార్."

"ఎల్లుండి సాయంత్రం నాలుగింటికి మంత్రి సంతకం. తీరం గస్తీ పదిహేనేళ్ళు ప్రైవేట్ కంపెనీకి. మన ఆరు విమానాలూ తుక్కుకి."

"ఆ కంపెనీ ఎవరిదో తెలిసే ఇస్తున్నారా?"

"తెలుసు. మూడు డొల్ల కంపెనీల వెనక ఆ ట్రాలర్ల ఓనర్లే ఉన్నారు. తెలియడం వేరు, రుజువు వేరు. మూడు నెలల ట్రయల్‌లో వాళ్ళ విమానం తీసిన ఫోటోల్లో ఒక్క విదేశీ ఓడ లేదు. సముద్రం తుడిచిన పలకలా ఉంది."

"అదే విమానంలో మన తరఫున కూర్చున్న బావ నలభై ట్రాలర్లు చూశాడు. లాగ్‌బుక్‌లో రాశాడు."

"ఏదీ, ఆ లాగ్‌బుక్?"

నత్త బల్ల మీద చేతులు ఆనించి వంగాడు. "అంటే మన కళ్ళు మనమే పీకి, దొంగ చేతిలో పెట్టి, కాస్త కాపలా కాయి బాబూ అంటున్నామన్నమాట!"

"గొంతు తగ్గించు. అది పాలసీ. పాలసీ మీద కాల్పులు జరపలేం." చీఫ్ చూపు తిప్పుకున్నాడు. "లోపల మన మనిషి ఉంది. వాళ్ళ పబ్లిక్ రిలేషన్స్ డైరెక్టర్. రెండేళ్ళ కింద మనమే పంపాం. లాగ్‌బుక్ సంగతి మీ బావ మనం కాక ఒక్క ఆమెకే చెప్పాడు, నా మాట మీద. కంపెనీ ఓడల్ని చెరిపేయకముందు ఉన్న అసలు ఫోటోలు ఆమె ఇస్తుంది. ఆ సంతకాల సభలో నువ్వు ప్రొజెక్టర్ మెకానిక్‌వి. వెళ్ళు."

ఆ సాయంత్రం అక్క బావ బూట్లు తుడుస్తూ కూర్చుంది. ఎవరి కోసమో ఆమెకే తెలియదు.

"చివరిసారి ఏమన్నాడక్కా?"

"కంపెనీ ఫోటోలు చూసొచ్చిన రోజు తెగ నవ్వాడ్రా. ఎందుకండీ అంటే, 'వీళ్ళు జన్మలో సముద్రం చూసిన పాపాన పోలేదే' అన్నాడు. అంతే." బూటు పక్కన పెట్టింది. "ఎవరు చేశారో కనుక్కుంటావుగా?"

"కనుక్కుంటా."

"కనుక్కుని ఊరుకోకు."

పదమూడో తేదీ మూడున్నర. కాన్ఫరెన్స్ హాల్లో పూలు, కెమెరాలు. వెనక వరసలో, ఫోటో నిండుగా కనబడటానికి పిలిచిన మత్స్యకారుల సంఘం వాళ్ళు. నత్త నీలం యూనిఫాం, పెట్టుడు మీసం. చొక్కా గుండీలో కెమెరా. ల్యాబ్ వాళ్ళిచ్చిన పెన్నులో మత్తు సూది. గేటు దగ్గర హాజరు పుస్తకంలో సంతకం పెట్టమంటే, ఆ పెన్నుతోనే ఒళ్ళు దగ్గర పెట్టుకుని పెట్టాడు.

పొగమంచు రంగు పట్టు దుస్తుల్లో ఆ డైరెక్టర్ వస్తుంటే, మాట్లాడుకుంటున్నవాళ్ళు మాట మరిచిపోయారు.

"ఈ బల్బు ఎన్నాళ్ళు వెలుగుతుంది?" ఆమె అడిగింది. అది కోడ్ వర్డ్.

"ఆర్పేవాళ్ళు లేనన్నాళ్ళూ."

ఆమె చెయ్యి అతని జేబును తాకి వెళ్ళింది. జేబులో పెన్‌డ్రైవ్. "అసలు ఫోటోలు. నా స్లైడ్లు అయ్యాక పెట్టు. మీ బావ విషయం విన్నాను. చాలా బాధపడ్డాను."

నత్త తొందరపడే మనిషి కాదు. డ్రైవ్‌ను ముందు పక్కన ఉన్న స్పేర్ ల్యాప్‌టాప్‌లో పెట్టాడు. స్క్రీన్ ఒకసారి వణికి, నల్లబడి, చచ్చింది. లోపలిదంతా తుడిచిపెట్టుకుపోయింది. డ్రైవ్‌లో ఉన్నది ఫోటోలు కాదు, వైరస్.

బావ ఎవరికి చెప్పాడో, ఎవరు అమ్మేశారో, ఇక అడగక్కర్లేదు. సూది పెన్ను వేళ్ళ మధ్య తిరిగింది. ఆమె మెడ పది అడుగుల దూరంలో ఉంది. కానీ ఆమె పడిపోయినా సంతకం ఆగదు. పెన్ను జేబులో పెట్టేశాడు. ఇప్పుడు అతని చేతిలో ఉన్నవి కంపెనీ స్లైడ్లే.

మూడు యాభై మూడు. ఆమె మైకు ముందు మొదలుపెట్టింది. "రెండు వందల ఫ్లైట్లు. జీరో ఇంట్రూజన్, ఒక్క చొరబాటూ లేదు. సైన్యం కన్నా చవగ్గా, శుభ్రంగా!"

ఖాళీ సముద్రం. తర్వాతి స్లైడ్ కూడా ఖాళీ సముద్రమే. మంత్రి ఫైలు ముందుకు లాక్కుని పెన్ను మూత తీశాడు.

అక్క చెప్పిన బావ నవ్వు గుర్తొచ్చి, నత్త నాలుగో స్లైడ్ మీద ఆగాడు. నీళ్ళ మీద తెల్లటి చుక్కలు. జూమ్ చేశాడు. నురగ కాదు, రెక్కలు. వందల కడలి పక్షులు తోకలా బారు తీరి, ఏమీ లేని దాని వెనక ఎగురుతున్నాయి.

"నెక్స్ట్ స్లైడ్," అంది ఆమె.

నత్త కదల్లేదు. ఇంకా పెద్దది చేశాడు.

వెనక వరసలోంచి సంఘం ప్రెసిడెంటు, అరవై దాటిన ఆవిడ, లేచి నిలబడింది. "ఏవమ్మా! ఖాళీ నీళ్ళ మీద పక్షులు ఎందుకు మూగాయి? వాటికేం పనిలేదా?"

హాల్లో నవ్వులు. ప్రెసిడెంటు నవ్వలేదు.

"వల లాగే ఓడ వెనకే అవి అలా పడతాయి, జారిపోయే చేపల కోసం. యాభై ఏళ్ళుగా చూస్తున్నా. ఓడని తుడిచారు, దాని వెనక తిండికొచ్చినవాటిని తుడవడం మరిచారు! మా వలలు ముక్కలు చేసింది ఎవరయ్యా మరి, గాలా?"

వేదిక మీద గస్తీ దళం కమాండర్ లేచాడు. తెర దగ్గరికి నడిచి, పక్షుల ముందున్న నున్నటి నీళ్ళ మీద వేలు పెట్టాడు. "ఇక్కడ అల కూడా లేదు సార్. పక్కనంతా ఉంది. ఇది సముద్రం కాదు, అతుకు."

మంత్రి పెన్ను కాగితానికి తగిలే ఉంది. ఒక చుక్క సిరా పడింది. పేరు పడలేదు. ఆయన పెన్ను ఎత్తాడు. కమాండర్ ఫైలు మూసేశాడు. మూడు యాభై తొమ్మిది.

డైరెక్టర్ పక్క తలుపు వైపు నడిచింది. నత్త ఆ తలుపు దగ్గర అప్పటికే ఉన్నాడు. ఆమె చేతిసంచిలో బావ లాగ్‌బుక్ దొరికింది. ఇరువైపులా అమ్ముకోవచ్చని దాచుకుంది. మెట్ల మీంచి బావను తోసిన సెక్యూరిటీ వాడి పేరు, బేడీలు పడ్డ రెండో నిమిషంలోనే చెప్పేసింది.

"నన్ను ఎక్కడికి తీసుకెళ్తారు?"

"కంగారు పడకండి మేడమ్. జైళ్ళు ఇంకా ప్రభుత్వమే నడుపుతోంది."

ఇంట్లో అక్క ఆ లాగ్‌బుక్‌ను ఒళ్ళో పెట్టుకుని, బావ అక్షరాల మీద వేలితో దిద్దుతూ ఉండిపోయింది. "విమానాలు ఎగురుతాయా?"

"రేపు పొద్దున్నే."

"ఆ కిటికీ దగ్గర కూర్చునేవాళ్ళకి చెప్పు, అది సరిగా పడదు, గాలి కొడుతుంది. మఫ్లర్ చుట్టుకోమను."

ఫోన్ మోగింది. చీఫ్.

"శభాష్. కానీ పాలసీ మారలేదు. కొత్త టెండర్ పిలుస్తారట."

నత్త కళ్ళు మూసుకున్నాడు. "పిలవనివ్వండి సార్. ఈసారి పక్షుల్ని కూడా తుడవగలిగేవాళ్ళకే వస్తుందిలెండి."

అతను ఫోన్ చేతిలో ఉండగానే కుర్చీలో నిద్రపోయాడు. అక్క వచ్చి ఆ ఫోన్ తీసి బల్ల మీద పెట్టి, మీసం ఒక అంచు ఇంకా అంటుకునే ఉండటం చూసి, లేపకుండా, లైటు ఆర్పి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేసింది.