అరవై నాలుగు ఎర్ర వేలిముద్రలు

ప్రొఫెసర్ గుండయ్య లేబరేటరీ సోమవారం ఉదయం పదకొండుంబావుకి తగలబడింది. షార్ట్ సర్క్యూట్ అని రికార్డులో రాసుకున్నారు. ఆ గదికి రెండు రోజులుగా కరెంటే లేదన్న సంగతి ఎవరూ రాసుకోలేదు. ప్రొఫెసర్ చేతులు కాలినా ప్రాణంతో బయటపడ్డాడు. ఆయన పరీక్ష కోసం పెట్టుకున్న పదకొండు రంగుపొడి డబ్బాలు మాత్రం బూడిదయ్యాయి.

మర్నాడు పొద్దున్నే ఉప్పుగూడ స్టేషన్ ప్లాట్‌ఫాం మీద ఒక సర్వే మనిషి కూర్చుని ఉన్నాడు. మెడలో ఐడీ కార్డు, చంకలో రైటింగ్ ప్యాడ్, కాళ్లకు అరిగిన చెప్పులు. పేరు డానియేలు. సర్వే మనిషి కనిపిస్తే జనం తలుపేసుకుంటారు తప్ప రెండోసారి తలెత్తి చూడరు. డెస్క్ ఫోర్ ఇంతవరకు కనిపెట్టిన మారువేషాల్లో ఇదే మేలైనది.

పల్లీల పొట్లంతో ఒక ముసలాయన వచ్చి అదే బెంచీ మీద కూలబడ్డాడు.

"మీ ఇంట్ల వంట దేని మీద చేస్తరు?" అడిగాడు డానియేలు.

"గ్యాస్ మీద. అది అయిపోతే నా మీద."

కోడ్ సరిపోయింది. ముసలాయన పేరు వైకుంఠం, డెస్క్ ఫోర్ చీఫ్. దేశంలో జరిగే పరిశోధనలను దొంగల నుంచి కాపాడే సీక్రెట్ విభాగం అది. ఎంత సీక్రెట్ అంటే, దాని ఆఫీసు ఎక్కడో అకౌంట్స్ వాళ్లకు కూడా తెలియదు.

"వాల్డెన్‌హోఫ్ ఫౌండేషన్," అన్నాడు చీఫ్, పల్లీ ఒలుస్తూ. "విదేశీ ముఠా. ఒకకాడ నీళ్ల మీద స్టడీ, ఒకకాడ కూలోళ్ల మీద సర్వే, ఇంకోకాడ ఊపిరితిత్తుల మీద రీసెర్చ్. అన్నిటికీ ఫండింగ్ ఇస్తరు. డేటా, శాంపిల్స్ పట్కపోతరు. ఇగ రిజల్టు ఈ జన్మల కనవడదు. రిజల్టొస్తె ఎవలకు నష్టమో ఆ కంపెనీలే వెనకుండి నడిపిస్తయి."

"ఈసారి లక్క గాజుల రంగు కంపెనీ."

"గదే. రంగుల సీసం కలుస్తుందని గుండయ్య సారు అనుమానం. సర్వే, రక్తం, రంగు, మూడు దగ్గర పెడితేనే రుజువైతది. సర్వే నీ దగ్గరుంది. రంగు నిన్న కాలిపోయింది. బజార్ల ఉన్న డబ్బాలు గూడ వారం కిందనే కంపెనీ వాపస్ తీస్కుంది. ఇగ మిగిలింది రక్తం. అది దేశం దాటొద్దు."

"రెయిడ్ చేస్తే అయిపాయె గద సార్?"

"కమిటీ అప్రూవల్, ఎక్స్‌పోర్ట్ పర్మిట్, అన్ని పక్కా ఉన్నయి. కాగితాల కాడ వాళ్లు మనకంటె శుద్ధం. షిప్‌మెంట్ శుక్రవారం. అప్పటిదాక ఇంద్రజ చూస్కుంటది. అక్కడ ఆమె మన మనిషి."

పోతూ పోతూ చీఫ్ ఒక పెన్ను ఇచ్చాడు. "మూత తిప్పితే నాకు సిగ్నల్ వస్తది."

"రాస్తదా సార్?"

"రాయదు."

వాల్డెన్‌హోఫ్ శాంపిల్ సెంటర్ యాకుత్‌పురాలో ఒక సందు చివర, రెండో అంతస్తులో ఉంది. ఎనిమిది నెలల కింద డానియేలు అక్కడ ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్‌గా చేరి, లాడ్ బజార్ దుకాణాలకు గాజులు చేసే అరవై నలుగురు ఆడవాళ్ల ఇళ్లు తిరిగాడు. ఏం తింటారు, ఎక్కడ వండుకుంటారు, ఎన్ని గంటలు బట్టీ ముందు కూర్చుంటారు, ఎన్ని కడుపులు నిలవలేదు, అన్నీ అడిగి రాసుకున్నాడు. నర్సు రక్తం తీసింది. రెండు నెలల్లో రిపోర్టు మీ చేతికిస్తామని అతనే మాటిచ్చాడు. ఇప్పటిదాకా ఒక్క కాగితం రాలేదు. ఆ సందులో నడవాలంటే డానియేలుకు నిజంగానే సిగ్గేసేది.

సెంటర్ కిందనే ఆగమ్మ బట్టీ. నిప్పుల మీద లక్క ముద్ద కాల్చి, కడ్డీకి చుట్టి, రంగు పట్టించి గాజు తీస్తుంది. ఇరవై రెండేళ్లుగా అదే పని. ఆ మధ్యాహ్నం డానియేలును చూడగానే పిలిచింది.

"ఏందన్నా, నా రిపోర్టు ఈ రోజన్న తెచ్చినవా?"

"తేలేదక్కా."

ఆగమ్మ కుడిచెయ్యి ముందుకు చాపింది. వేళ్లు వాటంతటవే వణుకుతున్నాయి. "గాజు గుండ్రంగ వస్తలేదు. సేటు నన్ను పనికి రాదంటుండు. నా రక్తంల ఏముందో నాకు జెప్పనీకి మీకేం కష్టం?"

డానియేలు తలొంచుకుని మెట్లెక్కాడు.

పైన ఇంద్రజ నల్ల కళ్లద్దాలు తలపైకి తోసుకుని, తెల్ల షిఫాన్ చీరలో, గదంతా సెంటు వాసన నింపి నిలబడి ఉంది. పక్కన తెల్లటి థర్మోకోల్ పెట్టె, దాని చుట్టూ సీల్ టేపు.

"శుక్రవారం అన్నరు గద మేడం?"

"ప్రోగ్రాం మారింది. ఈ రోజే. ఐదింటికల్లా పెట్టె ఇక్కణ్నుంచి కదిలి రాత్రి కార్గో ఫ్లైట్ ఎక్కాలి."

"చీఫ్‌కి చెప్పినరా?"

"లేదు," అంది ఇంద్రజ, హ్యాండ్‌బ్యాగులోంచి అరచేతిలో పట్టేంత పిస్టల్ తీస్తూ. "నీకూ చెప్పకూడదనుకున్నాను. టైంకి ముందొచ్చావు."

డానియేలు చేయి జేబులోకి పోయింది. ఆమె అంతకన్నా ముందే పెన్ను లాగేసి, పుటుక్కున రెండు ముక్కలు చేసింది. "ట్రైనింగ్‌లో నాకూ ఇదే ఇచ్చారు. నాదీ రాయలేదు."

"గుండయ్య సారు ల్యాబ్?"

"మనుషులు లేరనుకున్నాను. చూడు డానియేలూ, ఈ రిపోర్టు వస్తే ఏమవుతుంది? కంపెనీ డబ్బా మీద పేరు మారుస్తుంది. వీళ్లు రేపు కూడా ఆ బట్టీ ముందే కూర్చుంటారు. ఇది ఎవరికి తెలియాలి?"

"రక్తం ఇచ్చినోళ్లకు."

ఆమె నవ్వి, అతని ఫోన్ తీసుకుని స్టోర్ రూంలోకి నెట్టి గడియ పెట్టింది. గోడ గడియారం అప్పుడు మూడు పది చూపిస్తోంది.

స్టోర్ రూం నిండా కాగితాలు. అదే వాల్డెన్‌హోఫ్ బలం. చట్టం ఏ కాగితం అడిగితే ఆ కాగితం అచ్చు వేసి పెట్టుకుంటారు. డానియేలు అట్టపెట్టెలు ఒక్కొక్కటే చూశాడు. సర్వే ఫారాలు. రశీదులు. కన్సెంట్ ఫారాలు, అంటే రక్తమివ్వడానికి ఒప్పుకున్నట్టు రాసిచ్చే పత్రాలు. చివరగా ఒక మూలన, దుమ్ము పట్టి, పురికొస కూడా విప్పని కట్ట ఒకటి కనిపించింది. పైన అచ్చులో 'ఉపసంహరణ పత్రం' అని ఉంది.

డానియేలు ఆ పురికొస తెంపాడు.

కన్సెంట్ ఫారంలో పది పాయింట్లు. మొదటి రోజే ఇంద్రజ చెప్పింది, "ఏడోది స్కిప్ చెయ్. అది కమిటీ కోసం పెట్టాం, జనం కోసం కాదు." డానియేలు స్కిప్ చేయలేదు. అరవై నాలుగు గుమ్మాల ముందు నిలబడి అరవై నాలుగు సార్లు చదివాడు. అందులో గూఢచారి ఎత్తుగడ ఏమీ లేదు. రక్తం ఇచ్చే మనిషి దగ్గర ఒక ముక్క దాచిపెట్టడం అతనికి చేతకాలేదు, అంతే.

కిటికీ చువ్వల్లోంచి కిందకి చూశాడు.

"ఆగమ్మక్కా."

ఆమె తలెత్తింది. "ఏందన్నా, లోపట ఏం జేస్తున్నవ్?"

"తాళమేసిన్రు. మీ రక్తం ఐదు గంటలకు ఈడికెల్లి ఫ్లైట్‌కు పోతుంది. మళ్ల రాదు. రిపోర్టు గూడ రాదు."

ఆగమ్మ చేతిలోని కడ్డీ పక్కన పెట్టింది. "పోలీసులను పిలువాల్నా?"

"కాగితాలు చూపెట్టి పంపిచ్చేస్తరు. అక్కా, నేను చదివిన ఏడో నంబర్ యాదికుందా?"

"ఎందుకు లేదు? శాంపిల్ ఈ సెంటర్ దాటకముందు ఎప్పుడన్న ఒద్దనొచ్చు. కారణం జెప్పే పనిలేదు. అడిగితే ఎవలది వాళ్లకు వాపస్ ఇయ్యాలె. నువ్వు జదివినంక మా ఆడోళ్లం మస్తు నవ్వుకున్నం. మీకిష్టమేనా అని మమ్ముల అడిగినోడు నువ్వొక్కనివే."

చువ్వల సందులోంచి కాగితాలు పదేసి చొప్పున కిందకి జారాయి. ఆగమ్మ కొంగు పట్టింది.

"ఫికర్ చెయ్యకన్నా," అని బట్టీ అట్లాగే వదిలి నడిచింది.

నాలుగున్నరకు కొరియర్ ఏజెంట్ నందు వచ్చాడు. పెట్టె సీలు చూశాడు, పర్మిట్ చూశాడు, చివర డిక్లరేషన్ మీద సంతకం చేయడానికి పెన్ను తీశాడు. ఇంద్రజ వాచీ చూసుకుంది. ఇద్దరు హమాలీలు పెట్టె ఎత్తి మెట్ల దగ్గరికి వచ్చి అక్కడే ఆగిపోయారు.

మెట్లు కనిపించడం లేదు. కింది గడప నుంచి పైదాకా ఆడవాళ్లే. పని మధ్యలో లేచి వచ్చినవాళ్లు, బుర్ఖాల్లో కొందరు, కొంగులు దోపుకుని కొందరు. మెట్టుకు ముగ్గురు. అందరి చేతుల్లో ఒకే కాగితం.

"దారివ్వండి," అంది ఇంద్రజ.

ఎవరూ కదల్లేదు. అన్నిటికన్నా పైమెట్టు మీద ఆగమ్మ.

"మేము తప్పుకుంటున్నం మేడం. మా రక్తం మాకియ్యుండ్రి."

వెనక నుంచి ఒక ముసలామె గొంతు. "హమారా ఖూన్ హమ్‌కు దేదో. బస్."

"కారణం?"

"జెప్పే పనిలేదు. మీరే రాసిన్రు."

నందు పర్మిట్ మళ్లీ విప్పాడు. కొరియర్ మనుషులు ఎవరికీ భయపడరు గానీ చిన్నక్షరాలకు భయపడతారు. "మేడం, ప్రతి ట్యూబుకు కన్సెంట్ అమల్ల ఉండాలని ఉంది ఇక్కడ. వీళ్లు తప్పుకుంటే నేను సంతకం పెట్టలేను."

"వాటి మీద వేలిముద్రలేవీ? ముద్ర లేకపోతే అది చిత్తు కాగితం." ఇంద్రజ బల్ల మీది స్టాంప్ ప్యాడ్ తీసి హ్యాండ్‌బ్యాగులో వేసుకుని జిప్ లాగింది. "టైం నాలుగు నలభై. పెట్టె కిందికి తీసుకెళ్లండి."

ఆగమ్మ కొంగు ముడి విప్పింది. లోపల ఒక చిన్న రేకు డబ్బా. మూత తీస్తే ఎర్రటి పొడి.

"కంపెనీ వాళ్లు డబ్బాలు వాపస్ అడిగిననాడు ఒకటి దాచిన. కొన్నదాన్ని ఎందుకియ్యాలనిపిచ్చింది."

స్టోర్ రూం తలుపు సందులోంచి డానియేలు అరిచాడు. "అక్కా, అది ముట్టకు. అండ్లనే విషముంది."

"ఇరవై రెండేండ్లు ముట్టినమన్నా. ఇంకొక్క నిమిషం ముడతం. మళ్ల ముట్టం."

నాలుగు చుక్కల నీళ్లు. ఆగమ్మ వణికే బొటనవేలు డబ్బాలో ముంచి, ఎడమ చేత్తో ఆ మణికట్టును బిగించి పట్టుకుని, కాగితం మీద అద్దింది. డబ్బా కింది మెట్టుకు పోయింది. అక్కడి నుంచి ఇంకో మెట్టుకు. కాగితాలు చేతులు మారుతూ పైకి వచ్చాయి. నందు ఒక్కొక్కరి శాంపిల్ కార్డు నంబరు సరిచూసి లెక్క పెడుతున్నాడు. ముప్పై. నలభై ఐదు. అరవై.

ఇంద్రజ చేయి హ్యాండ్‌బ్యాగులోకి పోయింది. పిస్టల్ పిడి ఆగమ్మకు కనిపించింది.

"అండ్ల తూటాలు అరవై నాలుగున్నయా మేడం?"

ఆ చేయి బ్యాగులోనే ఉండిపోయింది. నాలుగు యాభై రెండుకు నందు అరవై నాలుగో కాగితం బల్ల మీద పెట్టి, డిక్లరేషన్‌కు అడ్డంగా గీత కొట్టాడు. "ఒక్క ట్యూబ్ గూడ ఎక్కియ్యలేను మేడం."

ఎవరో స్టోర్ రూం గడియ తీశారు. డానియేలు పోలియో చుక్కలు మోసే నీలం ఐస్ డబ్బా తెచ్చి, పేరు పేరునా ట్యూబులు అప్పగించి, ప్రభుత్వ లేబరేటరీకి పంపడానికి మళ్లీ ఒక్కొక్కరినీ అడిగి అందులో పెట్టాడు. ఆ తర్వాత బకెట్టు, సబ్బు తెచ్చి అందరి చేతులూ కడిగించాడు. సరిగ్గా అప్పుడే వైకుంఠం ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చాడు. మూత తిప్పితే ఎన్నడూ పనిచేయని పెన్ను, విరిస్తే పనిచేసిందట. మెట్ల నిండా ఆడవాళ్లుండి ఎటూ పోలేకపోయిన ఇంద్రజను ఆయన మనుషులు అదుపులోకి తీసుకున్నారు.

"ఆయుధం ఏం వాడినవ్?" అన్నాడు చీఫ్, రిపోర్టు కోసం.

"ఏడో పాయింటు సార్."

గుండయ్య ఆసుపత్రి మంచం మీది నుంచే, చేతులకు కట్లతో, పరీక్ష ఎట్లా చేయాలో శిష్యులకు చెప్పాడు. రంగు ఇక లేదనుకున్న వాల్డెన్‌హోఫ్‌కు ఎదురుగా, అరవై నాలుగు కాగితాల మీద ఆ రంగే సాక్ష్యంగా నిలిచింది. పదో రోజున డానియేలు ఫలితం మొదట తీసుకుపోయింది ఆగమ్మ దగ్గరికే. డెసిలీటరు రక్తంలో నలభై ఒక్క మైక్రోగ్రాముల సీసం.

"ఎంతుండాలె?"

"ఉండనే ఉండొద్దక్కా."

ఆమె ఆ కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుంది. "ఇగ సేటుతోని మాట్లాడుత. మందు సంగతి దవాఖాన్ల మాట్లాడుత. కంపెనీ పేరు రాసియ్యి, వాళ్లతోని గూడ మాట్లాడుత." లేచి, మిగతా అరవై ముగ్గురినీ పిలవడానికి సందులోకి నడిచింది.

ఆ సాయంత్రం డెస్క్ ఫోర్ గదిలో ఇంద్రజ ముందు స్టేట్‌మెంట్ ఫారం పెట్టారు. అలవాటు కొద్దీ ఆమె కాగితం అటూ ఇటూ తిప్పింది.

"మధ్యలో ఆపేసే పాయింట్ ఎక్కడ?"

"మొత్తం చదివి వినిపిస్త మేడం, ఒక్కటి గూడ స్కిప్ చెయ్య," అన్నాడు డానియేలు, కుర్చీ ముందుకు జరుపుకుంటూ. "ఇండ్ల పాయింట్లు ఆరే ఉన్నయి."