పాలీవాళ్ళ ఊళ్ళో రాఖీ

మన వేగు ఖేతాను పాడుపడ్డ కోట దగ్గర చంపారు. వెనక నుంచి, ఒకే గుండు.

అతని చొక్కా లోపల కుట్టిన జాబితా పోయింది. సరిహద్దు అవతల పనిచేస్తున్న మనవాళ్ళు తొమ్మిది మంది పేర్లు. మూడో పేరు జుగ్తా సింగ్ తమ్ముడిది.

మర్నాడు పొద్దున జైసల్మేర్‌లో ఓ టీకొట్టు వెనక మేజర్ లఖ్‌సింగ్ జుగ్తాకు పని అప్పజెప్పాడు. శత్రువు స్టేషన్ రోజూ సరిగ్గా పన్నెండింటికే వింటుంది; ఆలోపు జాబితా చేజిక్కాలి. దాన్ని ఎత్తుకెళ్ళిన ముఠా ట్రాన్స్‌మిటర్ కోటలోనో, పక్కనే పాలీవాళ్ళు ఎప్పుడో వదిలేసిన ఊళ్ళోనో ఉంది. దండుగా వెళితే దుమ్ము పది మైళ్ళు కనిపిస్తుంది. అందుకని జుగ్తా టూరిస్టు జీపు డ్రైవరయ్యాడు. టూరిస్టుగా, వారం కిందటే డిపార్టుమెంటుకు కుదిరిన ఇన్ఫార్మర్ చంద్రిక పాలీవాల్. నల్ల కళ్ళద్దాలు, తల మీద పట్టు ఓఢ్నీ.

"బావిలో నీళ్ళెంత లోతు?" అంది ఎక్కుతూ.

"ఒంటె అలిసేంత."

కోడ్ సరిపోయింది.

దారంతా ఆమే మాట్లాడింది. తన ముత్తాతలు ఒక్క రాత్రిలో ఖాళీ చేసిన ఊరేనట అది. జుగ్తా వాచీ చూసుకున్నాడు. పదకొండున్నర.

పైకప్పుల్లేని రాతి ఇళ్ళ మధ్య జీపు ఆగింది. ట్రాన్స్‌మిటర్ ఉత్తరాన చివరింట్లో ఉందని, ఒక్కడినే వెళ్ళమని చంద్రిక చెప్పింది. బ్యాగులోంచి ఎర్ర రాఖీ తీసింది.

"ఇవాళ పండగ కదా. చెయ్యివ్వు అన్నా. నీకేం కాదు."

జుగ్తా చెయ్యి చాపాడు.

గోడ మలుపు తిరగ్గానే రాఖీ విప్పి, పూసను కత్తిమొనతో గీకాడు. లోపల జాడ పంపే బీకన్, గోధుమగింజంత. తను ఎటు నడిచేదీ ఎవడో చూస్తున్నాడు.

పాలీవాళ్ళ సొంతూరు పాలీలో వాళ్ళ పెద్దలు శత్రువుల కత్తులకు తెగిపడింది రాఖీ పున్నమి నాడు. అప్పట్నుంచి ఆ కులంలో ఆడబిడ్డ రాఖీ ముట్టదు. ఆ ఎడారిలో మేకల కాపరికీ తెలిసిన సంగతి. ఆమెకు శిక్షణ ఇచ్చినవాళ్ళకు తెలియలేదు.

శిథిలాల్లో ఓ మేకపోతు మేస్తోంది. రాఖీ దాని మెడకు కట్టి ఉత్తరానికి తోలాడు. ఆమె ఊరు చూపిందంటే ట్రాన్స్‌మిటర్ కోటలోనే ఉంది. తను దక్షిణపు గోడ వెంట పాకుతూ కోట ఎక్కాడు.

బురుజులో బట్టతల మనిషి తెర మీద కదిలే చుక్కను చూసి నవ్వుకుంటున్నాడు. ఎదుట ఖేతా నెత్తురంటిన కాగితం. గడియారంలో ముళ్ళు కలిశాయి. వేలు మీట మీదికి వెళ్ళింది.

జుగ్తా రివాల్వర్ పిడి ముందు ఆ వేలి మీద పడింది, తర్వాత తల మీద. హెడ్‌ఫోన్‌లో అవతలివాడు పిలిచి పిలిచి ఊరుకున్నాడు. జుగ్తా కాగితానికి అగ్గిపుల్ల గీశాడు. మూడో పేరు కాలేదాకా చూశాడు.

చంద్రిక జీపు దగ్గర సిగరెట్ కాలుస్తోంది. వెనక అడుగులు విని బ్యాగులో చెయ్యి పెట్టింది. జుగ్తా చేతిలో రివాల్వర్ చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"పాలీవాళ్ళ పిల్లవి, రాఖీ కడతావా?" అన్నాడు. "ఖేతాను కాల్చింది నువ్వేనా?"

ఆమె ఇసకలో ఉమ్మింది. "వాడు నన్ను నమ్మి ముందు నడిచాడు."

జుగ్తా బేడీలు బిగించాడు.

"చెల్లెల్ని చూడ్డానికి జైలుకొస్తావా అన్నా?" అంది వెటకారంగా.

"నన్నడుగుతావేం బాయిసా, చెల్లెమ్మా? నీ అన్న అదుగో, ముళ్ళపొద మేస్తున్నాడు."