మూడో మెయిల్ తెరవనివాళ్లు

మా ఊళ్లో మనిషి పోతే ఇంటి తలుపు మీద, బస్టాపులో, వీధి చెట్టుకీ ఒక కాగితం అంటిస్తారు. ఫోటో, పేరు, పోయిన తేదీ. నలభయ్యో రోజుకి ఇంకోటి, ఏడాదికి ఇంకోటి. బల్గేరియాలోని ఈ ప్లోవ్‌డివ్‌లో మా కంపెనీ ఆ కాగితాలనే మెయిళ్లుగా పంపుతుంది. రోజూ నాలుగింటికి, ఒక్క దెబ్బతో పదకొండు వేల మందికి. ఆ పంపే మాడ్యూల్ రాసిందీ, ఆరేళ్లుగా దానికి మరమ్మతులు చేస్తున్నదీ నేనే.

జనం మెయిళ్లు తెరవరు. తెరవనివి ఎక్కువైతే మెయిల్ కంపెనీలవాళ్లు మమ్మల్ని చెత్త పంపేవాళ్ల కింద జమకట్టి అన్నీ ఆపేస్తారు. ఆ ఒళ్లుమంటతో మార్చిలో నాలుగు లైన్ల కోడు రాశాను. వరసగా మూడు మెయిళ్లు తెరవకపోతే, మూడోది వెళ్లిన గంటకి ఆ పేరు జాబితాలోంచి పోవాలి. అలా తీసేసిన పేర్లకి వేరే పట్టిక చెయ్యాలి. బద్ధకించాను. పోయినవాళ్ల పట్టిక ఎలాగూ ఉంది కదా అని అందులోకి తోసేశాను.

మర్నాడు గెనోవ్ అనే రిటైరైన లెక్కల మాస్టారు ఫోన్ చేశాడు. ఆయన చావుకబురు బంధువులందరికీ చేరింది.

"పక్కింటావిడ చావింటికిచ్చే ఉడికించిన గోధుమలు పట్టుకొచ్చింది బాబూ. నా మొహం చూస్తూనే ఏడ్చింది" అని నవ్వాడు.

క్షమించమన్నాను. మరుసటి రోజు ఆయన నిజంగానే పోయాడు.

మా యజమాని వెలికో గారు భుజాలెగరేశారు. "అయితే మన మాడ్యూల్ తప్పేం చెప్పలేదుగా."

ఆ లైన్లు అప్పుడే చెరిపేశాను. అయినా మరో ఇద్దరి కబుర్లు వెళ్లాయి. ఇద్దరూ పోయారు. సర్వర్‌కి కరెంటే తీసేశాను. చీకటి గదిలోంచి మైనపు వత్తుల వాసన వచ్చింది. నాలుగింటికి మెయిళ్లు వెళ్లాయి. ఒక ముసలావిడ మాత్రం మూడో మెయిల్‌ని ఐదుకి రెండు నిమిషాల ముందు తెరిచింది. తెరవనివి లెక్కపెట్టే పట్టికలో ఆమె అంకె సున్నా అయింది. ఆమె ఇప్పటికీ బతికే ఉంది.

నిన్న ఆ పట్టికలో రోసిత్స పేరు కనిపించింది. నా చెల్లెలు. రెండు తెరవలేదు. మూడోది ఇవాళ నాలుగింటికి వెళ్లింది. ఆ క్షణం నుంచీ ఫోన్ చేస్తూనే ఉన్నాను. నాలుగున్నరకి ఎత్తింది.

"లైబ్రరీలో డ్యూటీలో ఉన్నాను. ఏంటి?" గొంతు తగ్గించి అడిగింది. మూడేళ్ల తర్వాత విన్న గొంతు.

"మా మెయిల్ వచ్చుంటుంది. ఒక్కసారి తెరువు."

"అమ్మ అంత్యక్రియలకి రాకుండా మెయిల్ పంపినవాడివి. నీ మెయిళ్లు నేను తెరవాలా?"

"తిట్టు రోసీ, ఎంతైనా తిట్టు. ముందు తెరువు."

"బతిమాలుతున్నావా అన్నయ్యా? ఇంకోసారి బతిమాలు. వినడానికి బాగుంది."

బతిమాలాను. నాలుగూ నలభై. కరెంటు లేని సర్వర్ గదిలో ఫ్యాను తిరగడం మొదలైంది... నెమ్మదిగా... ఆయాసపడే మనిషి ఊపిరిలా. నాలుగూ యాభై. వాసన నా కుర్చీ దాకా వచ్చింది. నాలుగూ యాభై ఆరు. నాకు ఏడుపొచ్చేసింది.

"ఏడుస్తున్నావా?" కాసేపు విన్నది. "సరేలే, తెరుస్తున్నా."

తెర మీద ఆమె అంకె సున్నా అయింది. హమ్మయ్య. నా చెల్లెలు బతికింది.

"ఇందులో నీ ఫోటో ఉంది" అంది.

పట్టికని పైకి జరిపాను. మొట్టమొదటి పేరు నాదే. పరీక్ష కోసం రోజూ మొదటి మెయిల్ నాకే పంపుకుంటాను. వచ్చిందో లేదో చూస్తాను, అంతే. ఆరేళ్లలో ఒక్కటీ తెరవలేదు. ఇన్నాళ్లూ నన్నెందుకు వదిలేసిందో నాకు తెలీదు.

"రోసీ... కంగారుపడకు. అదేదో పొరపాటున..."

"కంగారెందుకు? వారం కిందటే మా గుమ్మానికి ఇదే కాగితం ఎవరో అంటించి వెళ్లారు."

"వారం కిందటా? మరి నాకు ఫోన్ చెయ్యలేదేం?"

ఆమె ఇంకా గొంతు తగ్గించింది.

"తేదీ రేపటిది వేసుంది. పూలు రేపు కొందామని ఆగాను."